‘తెలియదు’ అనడానికి సిగ్గెందుకు?

ఈ సంచికకు ఏదైనా రాసివ్వమని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, "దేన్ని గురించి?" అన్నాను. "నీ ఇష్టం, మన కాలేజీకి సంబంధించినదైతే చాలు" అన్నారు. కాలేజీకి సంబంధించిన విషయాలకేం కొదవ? మెస్సు సాంబారును గురించి ఏటేటా ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. సాంబారు మాత్రం మారలేదు. అందుచేత నేను ఈసారి ఒక పిట్టను గురించి రాయదలచుకున్నాను.

ఆ పిట్ట చూడ్డానికి గొప్పదేమీ కాదు. నెమలిలా పురి విప్పదు. పాలపిట్టలా ఎగిరితే నీలం మెరవదు. రామచిలకలా అందరి నోటా ఆడే పేరూ లేదు. పిచ్చుకంత ఉంటుంది, అంతే. ఒళ్ళంతా మట్టిరంగు. చారలు లేవు, చుక్కలు లేవు, తలమీద జుట్టు లేదు. మేము తీసిన దాని ఫొటోలు కూడా మసక ఫొటోలే. ఆ మసక ఫొటోల పుణ్యమా అని నాకూ నా ప్రాణమిత్రుడికీ నెల రోజులు మాటలు లేకుండా పోయాయి. పోతే పోయాయి గాని, చదువుకున్నవాళ్ళమని చెప్పుకునే మనకు ఒక చిన్న మాట నోరు తిరగదని మాత్రం నాకు తెలిసివచ్చింది. ఆ మాట ‘తెలియదు’.

హాస్టలు వెనక కుంట సంగతి పాత విద్యార్థులకు చెప్పనక్కరలేదు. వానలు పడితే నిండుతుంది, ఎండాకాలం వస్తే నెర్రెలిచ్చి ఎండిపోతుంది. మెస్సులో పాత్రలు కడిగిన నీళ్ళూ అందులోకే పోతాయి. గట్టుమీద సర్కారు తుమ్మ, రేగుకంప, ఒక పక్క జమ్ము. అది నందనవనమని నేను అనను. దోమలున్న మాట నిజం. పోయిన ఏడాది దాన్ని పూడ్చి బండ్లు పెట్టుకునే షెడ్డు వేస్తారన్న మాట పుట్టింది. మాలో కొందరికి మనసు ఒప్పలేదు. పొద్దున్నే పుస్తకం పట్టుకుని ఆ గట్టుమీద తిరుగుతూ చదివి పరీక్షలు గట్టెక్కిన బ్యాచీలు ఎన్ని లేవు! కుంట నిండిన ఏడు హాస్టలు బావిలో నీళ్ళు వేసవిదాకా ఉంటాయనీ, నిండని ఏడు ట్యాంకరు తెప్పించాలనీ మెస్సులో వంట చేసేవాళ్ళందరూ చెబుతారు. ఒక అర్జీ పెడదామనుకున్నాం.

ఆ రోజుల్లోనే, డిసెంబరు నెలలో ఒక పొద్దున, నా గదిలో ఉండే మిత్రుడు సెల్‌ఫోను పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు. "ఒరేయ్, లెయ్ రా! మన కుంట బతికిపోయింది" అన్నాడు. ఏమిటంటే, తుమ్మకంపలో ఒక పిట్టను చూశాడట. ఏడు ఫొటోలు తీశాడు. మొదటిదాంట్లో తోక మాత్రమే ఉంది. రెండోదాంట్లో ఆకు మాత్రమే ఉంది. మూడు, నాలుగు ఫొటోల్లో ఏదో గోధుమరంగు మరక. అయిదోదాంట్లో పిట్ట ఆకాశానికి అడ్డంగా నల్లగా నీడలా ఉంది. ఆరోది కాస్త నయం, తలా వీపూ పోల్చుకోవచ్చు. ఏడోదాంట్లో ముక్కు పొడుగ్గా కనిపిస్తోంది. ఆ ఏడో ఫొటోయే మా కొంప ముంచింది.

వాడు అప్పటికే ఎక్కడో చదివి ఉన్నాడు, లార్జ్ బిల్డ్ రీడ్ వార్బ్లర్ అనే పిట్ట కథ. నిజానికి ఆ కథ అందరూ తెలుసుకోవలసిందే. కాంగ్రెసు స్థాపకుల్లో ఒకరుగా మనం చరిత్ర పుస్తకాల్లో చదువుకునే ఏ.ఓ. హ్యూమ్ దొర గొప్ప పక్షి శాస్త్రవేత్త కూడా. ఆయన 1867లో సట్లెజ్ లోయలో ఒక మట్టిరంగు పిట్టను సేకరించాడు. అలాంటిది మళ్ళీ ఎవరికీ దొరకలేదు. అది వేరే జాతా, లేక మామూలు పిట్టల్లోనే కాస్త తేడాగా పుట్టినదా అని శాస్త్రజ్ఞులు తర్జనభర్జన పడ్డారు. 2002లో ఆ పాత చర్మం నుంచి డి.ఎన్.ఏ. తీసి, వేరే జాతేనని తేల్చారు. తర్వాత 2006 మార్చిలో థాయిలాండులో ఫిలిప్ రౌండ్ అనే శాస్త్రవేత్త వలలో అలాంటిది ఒకటి పడింది. అంటే 139 ఏళ్ళ తర్వాత! ఆ దొరికిన చోటు ఏ మహారణ్యమో కాదు, మురుగునీటిని శుద్ధిచేసే చెరువుల దగ్గర. 2008లో ఆఫ్ఘనిస్థాన్‌లోని వాఖాన్ లోయలో ఆ పిట్టలు వేసవిలో ఉండే తావు కూడా దొరికింది.

మా వాడి లెక్క ఇది: అక్కడ మురుగునీటి చెరువు, ఇక్కడ మెస్సు నీళ్ళ కుంట. అది మట్టిరంగు, ఇదీ మట్టిరంగు. దానికి పొడుగు ముక్కు, మన ఏడో ఫొటోలోనూ పొడుగు ముక్కు. ఇంకేం కావాలి?

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. అర్జీ రాయడం నా వంతు వచ్చింది. ‘ప్రపంచంలోని అత్యంత అరుదైన పక్షులలో ఒకటి మన కళాశాల ఆవరణలోని కుంటయందు నివసించుచున్నట్లు నిర్ధారణ అయినది’ అన్న వాక్యం రాసింది నేనే. ‘నిర్ధారణ అయినది’ అన్న ప్రయోగంలోని సుఖం చూడండి. ఎవరు నిర్ధారించారు? ఎవరూ లేదు. దానంతట అదే ‘అయినది’! అలా రాస్తే ఎవరి మీదా బాధ్యత ఉండదు. మన అర్జీలూ నోటీసులూ చాలావరకు ఈ భాషలోనే నడుస్తున్నాయి కాబట్టి అప్పుడు నాకు తప్పనిపించలేదు.

సంతకాలకు తిరుగుతూ, జువాలజీ చెప్పే మా సారు దగ్గరికి వెళ్ళాం. ఆయన అర్జీ చదివి ఏమీ అనలేదు. ఒక తెల్లకాగితం తీసి నడిమధ్యన నిలువుగా గీత గీశారు. ఎడమవైపు ‘చూసింది’ అనీ, కుడివైపు ‘అనుకున్నది’ అనీ రాసి, "నింపుకుని రండి నాయనా, అప్పుడు సంతకం చేస్తా" అన్నారు.

రాత్రి గదిలో కూర్చుని నింపడం మొదలుపెట్టాం. చూసింది: పిచ్చుకంత, లేదా కొంచెం చిన్నది. పైన మట్టిరంగు, కింద పాలిపోయిన తెలుపు. చారలు లేవు. ముక్కు సన్నం, అంటే గింజలు కొట్టే ముక్కు కాదు. నేలమీద కాదు, కంపలోపల కొమ్మకొమ్మకూ పాకుతూ తిరిగింది. నెల డిసెంబరు. నాలుక అంగిట్లో కొట్టినట్టు ‘టక్, టక్’మన్నదని మా వాడికి జ్ఞాపకం. అక్కడితో ఎడమవైపు అయిపోయింది. ముక్కు ఎంత పొడుగు? కుడివైపుకు పోయింది. కంటిమీద కనుబొమలాంటి తెల్లగీత ఉందా? ఆరో ఫొటోలో ఉన్నట్టుంది, అయిదో ఫొటోలో లేనట్టుంది. అదీ కుడివైపే. జాతి పేరు? కుడివైపు చిట్టచివర!

ఫొటో అబద్ధం చెప్పదని లోకంలో ఒక నమ్మకం ఉంది. మసక ఫొటో మాత్రం అబద్ధం చెప్పకపోయినా, మనచేత చెప్పిస్తుంది. పొద్దుటి ఎండలో మట్టిరంగు ఎర్రబారి కనిపిస్తుంది. అదే పిట్ట ఆకునీడలోకి పోతే పచ్చబారుతుంది. చెయ్యి వణికినా, పిట్ట తల తిప్పినా, ముక్కు చివర సాగి పొడుగవుతుంది. కంటి వెనక ఒక ఆకు అంచు మెరిస్తే అది కనుబొమ అవుతుంది. ఇక సెల్‌ఫోనులో వేళ్ళతో లాగి పెద్దది చేస్తామే, దానివల్ల పిట్ట దగ్గరికి రాదు. ఉన్న చుక్కలే పెద్దవవుతాయి. ఆ చుక్కల నడుమ ఖాళీని ఫోను తన అంచనాతో నింపుతుంది. ఆ అంచనాను మనం ఈక అనుకుని లెక్కపెడుతున్నాం. ఫోను పోగా మిగిలిన ఖాళీని మన ఆశ నింపుతుంది.

ఇది మాలాంటి పిల్లకాయలకే జరిగే పొరపాటనుకుంటే పొరపాటు. అమెరికాలో ఐవరీ బిల్డ్ వుడ్‌పెకర్ అనే పెద్ద వడ్రంగి పిట్ట అంతరించిందని చాలామంది అనుకుంటున్న కాలంలో, 2004లో ఆర్కన్సాస్ రాష్ట్రంలో ఒక పడవ మీది నుంచి తీసిన కొన్ని సెకన్ల మసక వీడియో బయటికి వచ్చింది. అది ఆ పిట్టేనని 2005లో ‘సైన్స్’ పత్రికలో పెద్దపెద్ద శాస్త్రవేత్తలు ప్రకటించారు. కాదు, అక్కడ మామూలుగా తిరిగే మరో వడ్రంగి పిట్టేనని 2006లో అదే పత్రికలో వేరేవాళ్ళు వాదించారు. ఆ తగువు ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. అంత అనుభవం ఉన్నవాళ్ళకే మసక బొమ్మ అన్ని తిప్పలు పెడితే, మన ఏడో ఫొటో ఏపాటిది?

మరి మా పిట్ట ఏమై ఉంటుంది? సారు చెప్పినదాని ప్రకారం, ఎడమవైపు రాసినవాటికి సరిపోయే మామూలు పిట్ట ఒకటుంది. దాన్ని బ్లైత్స్ రీడ్ వార్బ్లర్ అంటారు. చలికాలంలో మన ప్రాంతంలో తోటల్లో, కంపల్లో తరచుగా ఉండేదే. లార్జ్ బిల్డ్‌కు దీనికంటే ముక్కు పొడుగు, కాలి గోరు పెద్దది, రెక్క ఆకారంలో కొద్ది తేడా. ఆ తేడాలు మిల్లీమీటర్లలో ఉంటాయి. చేతిలో పట్టుకుని కొలవాలి, లేదా డి.ఎన్.ఏ. చూడాలి. హ్యూమ్ సేకరించినలాంటి పిట్టలు మరో పది మ్యూజియముల్లో బ్లైత్స్ అన్న పేరుతోనే దశాబ్దాల తరబడి పడి ఉన్నాయనీ, వాటిని గుర్తుపట్టి 2008లో ప్రకటించారనీ సారు చెప్పినప్పుడు మేము నోరు తెరిచాం. చర్మాలు చేతిలో ఉన్న నిపుణులకే పొరపాటు జరిగిందంటే, మనం కంప సందులోంచి తీసిన ఫొటో చూసి ‘నిర్ధారణ అయినది’ అంటున్నాం!

మా వాడు మాత్రం తగ్గలేదు. గదికి వచ్చాక నన్ను నిలదీశాడు. "అట్లయితే కలివికోడి సంగతేంది? ఆ పిట్ట లేకుంటే లంకమలను ఎవరు పట్టించుకునేవాళ్ళు? పిట్ట పేరు చెప్పి కాలువనే మళ్ళించినారే, మనం ఒక కుంటను నిలబెట్టుకోలేమా? మంచిపనికి ఒక అబద్ధమాడితే ఏం పోతుంది?" అన్నాడు.

ఈ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. మన సీమ పిట్ట కాబట్టి దాని కథ కొంచెం చెప్పాలి. 1900 తర్వాత ఎవరూ చూసిన దాఖలా లేక, కలివికోడి అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. కానీ కడప జిల్లా అడవి అంచు పల్లెల్లో దాన్ని ఎరిగినవాళ్ళు ఉన్నారు. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీవాళ్ళు ఆ మనుషులను అడిగి, వాళ్ళ వెంట తిరిగి వెతగ్గా, 1986 జనవరిలో ఐతన్న అనే స్థానికుడి సాయంతో పిట్ట కంటపడింది. ఆ తర్వాత అక్కడ అభయారణ్యం ఏర్పడింది. 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ పని ఆ పిట్ట తిరిగే కంపల దగ్గరికి వచ్చినప్పుడు గొడవ జరిగి, కాలువ దారి మార్చవలసి వచ్చింది. ఇదంతా నిజమే.

అయితే అది ఎందుకు సాధ్యపడింది? పిట్ట నిజంగా ఉంది కనుక. ఆ రాత్రిపూట పిట్ట కోసం పరిశోధకులు నేలమీద మెత్తటి మట్టి పరిచి అడుగుజాడలు చూశారు. దానంతట అదే ఫొటో తీసే కెమెరాలు పెట్టారు. కూతలు రికార్డు చేశారు. ఎదుటివాడు "రుజువేది?" అని అడిగిననాడు ముందు పెట్టడానికి వాళ్ళ దగ్గర రుజువులున్నాయి. మన దగ్గర ఏముంది? ఏడో ఫొటో ఉంది. రేపు తెలిసినవాడెవడైనా వచ్చి "ఇది మామూలు పిట్ట కదయ్యా" అంటే, పిట్టతోబాటు బావి నీళ్ళ మాటా అబద్ధమే అవుతుంది. అంతేకాదు, తర్వాత ఎప్పుడో, ఎక్కడో, నిజంగా అరుదైన పిట్ట కోసం అర్జీ పట్టుకుని వెళ్ళినవాణ్ణి కూడా "మొన్న ఆ కాలేజీవాళ్ళూ ఇట్లాగే చెప్పారు" అని పంపించేస్తారు. నాన్నా పులి కథ మనకు కొత్తదేం కాదు గదా.

అబద్ధం వల్ల ఏం పోతుందో చెప్పడానికి మరో ఉదాహరణ ఉంది. రిచర్డ్ మైనర్‌ట్జ్‌హాగన్ అని బ్రిటిషు సైన్యంలో పనిచేసిన ఒక పెద్దమనిషి. పక్షుల విషయంలో మహా పేరున్నవాడు. 1967లో పోయాడు. పోయాక కొన్నేళ్ళకు తేలిందేమిటంటే, ఆయన మ్యూజియముల్లోంచి ఇతరులు సేకరించిన పక్షులను దొంగిలించి, తాను ఫలానా చోట, ఫలానా రోజున పట్టానని కొత్త చీటీలు కట్టాడు. మన దేశపు అడవి పైడికంటె, అంటే ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబను 1914లో గుజరాత్‌లో పట్టానన్నాడు. అది అబద్ధం. నిజంగా దొరికిన చివరిది 1884 నాటిది. ఆ తప్పుడు చీటీ తర్వాతివాళ్ళను లేనిచోట వెతికేటట్టు చేసింది. పమేలా రాస్ముసెన్ అనే శాస్త్రవేత్త ఆ మోసాన్ని కనిపెట్టి, చీటీని పక్కనపెట్టి, నిజమైన పాత తావుల్లో తన మిత్రులతో కలిసి వెతికితే 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర ఆ గుడ్లగూబ కళ్ళెదుట కూర్చుంది.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడమని మనవి. మ్యూజియముల్లో పడివున్న ఆ పది మట్టిరంగు పిట్టలకు పేరు తప్పు. కాని చీటీమీద చోటూ తేదీ నిజం. అందువల్ల ఎన్నేళ్ళ తర్వాతనైనా తప్పు దిద్దుకోగలిగారు. మైనర్‌ట్జ్‌హాగన్ గుడ్లగూబకు పేరు ఒప్పే. కాని చోటూ తేదీ అబద్ధం. అది అందరినీ తప్పుదారి పట్టించింది. తెలియక చేసిన తప్పును తర్వాతివాడు దిద్దగలడు. తెలిసి రాసిన అబద్ధం తర్వాతివాడి కాళ్ళకు అడ్డం పడుతుంది. నేను రాసిన వాక్యం ఈ రెండో రకానికి చెందుతుందని గ్రహించాక, అర్జీలో ఆ వాక్యం మీద గీత కొట్టేశాను. మా వాడు ఆ కాగితం చూసి, దుప్పటి ముసుగుపెట్టి పడుకున్నాడు. నెల రోజులు మాట్లాడలేదు.

ఇంతకీ మన విద్యార్థిలోకానికి ఈ జబ్బు ఎక్కడ అంటింది? నన్నడిగితే, పరీక్ష హాల్లో. ‘ఖాళీలను పూరింపుము’ దగ్గర్నుంచి మనకు నేర్పుతున్నది ఒక్కటే: ఖాళీ వదలొద్దు. "రాకపోయినా ఏదో ఒకటి రాయండిరా, రెండు మార్కులైనా పడతాయి" అని హితవు చెప్పని మాస్టారు ఉన్నారా? వైవాలో ‘తెలియదు సార్’ అన్నవాడికి సున్నా. తెలియకపోయినా ధైర్యంగా ఏదో చెప్పినవాడికి కనీసం ధైర్యానికి మార్కులు. ఇలా పదిహేనేళ్ళు తర్ఫీదు పొందినవాడికి మసక ఫొటో చూపిస్తే ఏమంటాడు? ఏదో ఒక పేరు రాస్తాడు. వీలైతే గొప్ప పేరు రాస్తాడు. వాడే రేపు డాక్టరవుతాడు, ఇంజనీరవుతాడు, ఆఫీసరవుతాడు. ఎక్స్‌రే మసకగా ఉంటే ఏమంటాడు? పునాది కింద నేల సంగతి సరిగా తెలియకపోతే ఏమని సంతకం పెడతాడు? అందుకే ఇది పిట్ట గొడవ కాదంటున్నాను.

లెక్చరర్లకు నాదొక విన్నపం. ఒట్టి ‘తెలియదు’కు మార్కులు వెయ్యమని నేను అడగడం లేదు. అది సోమరి కూడా అనగలడు. ‘ఇంతవరకు తెలుసు, ఇక్కడినుంచి తెలియదు, తెలియాలంటే ఫలానాది చూడాలి’ అని రాసినవాడికి సగం మార్కులైనా వెయ్యండి. మా సారు మా చేత రాయించింది సరిగ్గా అదే. కాగితం అడుగున మేము రాసిన చివరి వాక్యం ఇది: ‘రీడ్ వార్బ్లర్ ప్రజాతికి చెందిన పిట్ట కావచ్చు. మన ప్రాంతంలో మామూలుగా ఉండే బ్లైత్స్ అయ్యే అవకాశం ఎక్కువ. ఈ ఫొటోలతో ఖాయంగా చెప్పలేము.’ చూడ్డానికి చప్పగా ఉంది. కాని అందులో ప్రతి ముక్కకూ మేము జవాబుదారీ.

ఇలాంటి వాక్యానికి శాస్త్రంలో చోటు లేదనుకోకండి. దేశదేశాల పక్షి ప్రేమికులు తమ లెక్కలు నమోదు చేసే ఈబర్డ్‌లో కూడా ‘వార్బ్లరే గాని ఏదో తేలలేదు’ అని రాసుకునే వీలు ఉంది. అంత పెద్ద లెక్కలోనే ఖాళీకి గౌరవం ఉంటే, మన రికార్డు పుస్తకాల్లో ఉంటే తప్పేమిటి?

సారు దగ్గర్నుంచి వస్తున్న ఆ సాయంత్రమే మరో చిన్న ముచ్చట జరిగింది. గేటు దగ్గర వాచ్‌మన్ తాతకు ఆరో ఫొటో చూపించి, "తాతా, ఇదేం పిట్ట?" అని అడిగాను. ఆయన కళ్ళు చికిలించి చూసి, "అగుపడ్డం లేదు నాయనా. కంపల్లో తిరుగుతాదంటివి గదా, కంపజిట్ట అయ్యుంటాది. ఇట్లాంటియన్నీ మా పక్క కంపజిట్టలే" అన్నాడు. అప్పుడు నవ్వుకున్నాను. తర్వాత తెలిసింది: ఎడ్వర్డ్ బ్లైత్ కలకత్తా మ్యూజియంలో పనిచేస్తూ 1849లో ఈ పిట్టకు పెట్టిన శాస్త్రీయ నామం ‘డ్యుమెటోరం’. లాటిన్‌లో దానర్థం ‘పొదలకు చెందినది’! కలివికోడిని శాస్త్రానికి పరిచయం చేసి పేరు పెట్టినవాడూ ఆయనే. పండితుడూ వాచ్‌మన్ తాతా ఒకే మాట చెప్పారు. ఇద్దరూ తాము ఎరిగినంతే చెప్పారు. ఎరగనిది చెప్పినవాళ్ళం నడిమధ్యన ఉన్న మేమే.

చివరికి అర్జీ ఏమైంది? జనవరిలో పై అధికారుల దగ్గరికి వెళ్ళాం. అందులో బావి నీళ్ళ సంగతి ఉంది. వానాకాలంలో ఆవరణలోని నీరంతా ఎటు పోతుందో గీసిన పటం ఉంది. ప్రతి ఆదివారం మేము చూసిన పిట్టల జాబితా ఉంది. గువ్వలు, కొంగలు, నీటికోళ్ళు, గిజిగాళ్ళు, ఒక ‘పేరు తేలనిది’. కాగితాలు తిరగేసి ఒక పెద్దాయన అడిగారు: "ఇందులో అరుదైనది ఏదన్నా ఉందా?"

మా వాడు నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. "లేదు సార్" అన్నాను.

"మరి?" అన్నారాయన.

ఆ ‘మరి?’కి అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది, ఇక్కడ రాస్తున్నాను. అయ్యా, అది బ్లైత్స్ రీడ్ వార్బ్లరే అయితే పది పన్నెండు గ్రాముల పిట్ట. దాని జాతి పిట్టలు ఫిన్లండు మొదలుకొని రష్యా, మధ్య ఆసియాల దాకా ఎక్కడెక్కడో గూళ్ళు కట్టి, కొండలూ ఎడారులూ దాటి, చలికాలం గడపడానికి మన దేశం వస్తాయి. ఆ దారి ఎవరూ చూపించకుండానే వస్తాయి. వచ్చి మన మెస్సు నీళ్ళ కుంట పక్కన పురుగులు ఏరుకుని, ఏప్రిల్‌కల్లా తిరిగి వెళ్ళిపోతాయి. ఆ పిట్ట మామూలుది. బావిలో నీళ్ళూ మామూలువే. హాస్టలు పిల్లలూ మామూలువాళ్ళే. అరుదైనదైతేనే బతకనిస్తామంటే ఈ లోకంలో ఎక్కువమందికి చోటుండదు. ప్రతిదాన్నీ అరుదైనదని నిరూపించమంటే, జనం అబద్ధాలే నేర్చుకుంటారు. అరుదైనదేదని అడిగే ఆ ప్రశ్నే మాచేత ఆ తప్పుడు వాక్యం రాయించింది. దానికి మా తొందరపాటు తోడైంది.

"చూద్దాం" అన్నారు. ఈ వ్యాసం రాసేనాటికి కుంట ఉంది. వచ్చే సంచిక వచ్చేనాటికి ఉంటుందో లేదో నాకు తెలియదు. చూశారా, ఇప్పుడు ఆ మాట అనడం కొంచెం అలవాటైంది.

ఫిబ్రవరిలో ఒక పొద్దున మా వాడు నన్ను తట్టి లేపాడు. మాట్లాడకుండా ఫోను చెవి దగ్గర పెట్టాడు. ‘టక్, టక్’ అని వినిపించింది, నాలుక అంగిట్లో కొట్టినట్టు. పుస్తకాల్లో బ్లైత్స్ కూతను వర్ణించిన తీరుకు సరిపోతోంది. "అదేనా?" అన్నాను. "ఆ కంపలోనే. పిట్ట మాత్రం కనపళ్ళేదు. డిసెంబరులో చూసిందే అని ఎట్లా చెప్తాం?" అన్నాడు. మాటలు కలిశాయి.

యూనియన్‌వారికి ఒక సూచన చేసి ముగిస్తాను. లైబ్రరీలో ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టించండి. ప్రతి పేజీకీ నడిమధ్యన ఒక గీత కొట్టించండి. ఎడమవైపు ‘చూసింది’, కుడివైపు ‘అనుకున్నది’. పైన చోటు, తేదీ, వేళ. పిట్టే కానక్కరలేదు, చెట్టైనా సరే, పురుగైనా సరే. ప్రతి ఫిబ్రవరిలోనూ దేశమంతటా కాలేజీ ఆవరణల్లో పక్షుల లెక్క జరుగుతుంది, దానికీ పనికొస్తుంది. మసక ఫొటోలను పారేయకండి, అవీ అంటించండి. మనకు తేలనిది రేపు మన తర్వాత చేరిన జూనియర్‌కు తేలవచ్చు. వాడికి కావలసింది మనం ఊహించిన పేరు కాదు. మనం నిజంగా చూసిన చోటూ, తేదీ.

మొదటి పేజీ మేము ఇస్తాం. ఏడు ఫొటోలూ ఉన్నాయి. పేరు రాసే చోట ఖాళీ వదిలి ఉంచాం.